పశువుల పాక ఇంటి పక్కనే ఉంటే దోమలు మనల్ని వదిలేస్తాయా?

మన్యం_పాడి
మాది రంపచోడవరం దాటాక ఒక చిన్న ఊరు. పాత పశువుల పాక పడిపోయింది, కొత్తది వేయాలి. ఇంటి గోడకు ఆనించే వేయమని నాన్న పట్టు. "దోమలు గొడ్ల మీద పడి తాగుతాయి, మన జోలికి రావు" అంటాడు. పాక ఉన్నచోటికే దోమలు చేరతాయి, చేను గట్టున వేయండి అని మా ఆవిడ. నిరుడు మా చిన్నోడికి మలేరియా వచ్చింది కాబట్టి ఇంట్లో ఇది మామూలు గొడవ కాదు. రేకులు ఆదివారం వస్తున్నాయి. తెలిసినవాళ్లు చెప్పండి, ఎవరిది రైటు?

గోదారోడు
మీ నాన్నగారిదే రైటు తమ్ముడూ. మాకు ఆరు గేదెలు ఉన్నన్నాళ్లు దోమతెర ముట్టుకున్నది లేదు. సాయంత్రం పాకలో వేపాకు పొగ వేసేవాళ్లం, అంతే. గేదెలు అమ్మేశాక సంధ్యవేళ అరుగు మీద కూర్చోలేకపోయాం. అంత ఒళ్లు, అంత ఊపిరి, అంత వేడి పక్కనే ఉండగా దోమ మనిషి దగ్గరికి ఎందుకొస్తుంది చెప్పండి?

యాంటెనా
దానికి మనిషే కావాలి కాబట్టి వస్తుంది. డెంగీ తెచ్చే ఈడిస్ ఈజిప్టై సంగతి చూడండి. కెన్యాలో రబాయి అనే చోట ఈ దోమలో రెండు రకాలు దొరికాయి. ఇళ్లలో ఉండేది ఒకటి, అడవిలో ఉండేది ఒకటి. ఒకవైపు మనిషి చెయ్యి, ఇంకోవైపు గినీ పిగ్ (ఎలుక జాతి చిన్న జంతువు) పెట్టి వదిలితే ఇంటి దోమలు ఎక్కువగా చేతివైపు, అడవి దోమలు ఎక్కువగా గినీ పిగ్ వైపు పోయాయి. రెంటినీ కలిపి మనవరాళ్ల తరం దాకా చూశారు. మనిషిని కోరుకున్న దోమల మీసాల్లో ఓఆర్4 అనే జన్యువు ఎక్కువగా పనిచేస్తోందని తేలింది. అది పట్టేది సల్కటోన్ అనే వాసన. మన ఒంటి వాసనలో ఆ పదార్థం బాగా ఉంటుంది. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ఇది ప్రచురించారు. కాబట్టి ఇష్టం పుట్టుకతోనే వస్తుంది. ఆరు గేదెలు కాదు, అరవై కట్టినా అలాంటి దోమ మనసు మారదు.

గోదారోడు
గినీ పిగ్ బదులు మా గేదెని పెట్టి చూడాల్సింది :) అరచేతిలో పట్టే జంతువుతో మనిషికి పోటీ ఏంటి?

టార్చిలైటు_మాస్టారు
ఇద్దరూ రెండు వేరే దోమల గురించి కొట్టుకుంటున్నారు. అబ్బాయి అడిగింది మలేరియా గురించి. దాన్ని మోసేది ఈడిస్ కాదు, అనాఫిలిస్.

నేను మలేరియా విభాగంలో చేసి రిటైరయ్యాను. తెల్లవారక ముందే టార్చి, పీల్చే గొట్టం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి దోమలు పట్టడం మా పని. అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ అనే దోమ కావాలంటే నేరుగా పశువుల పాకకే పోయేవాళ్లం. గోడ మీద, కప్పు గడ్డిలో, పొట్ట నిండా రక్తంతో కూర్చుని ఉండేవి. మనుషులు పడుకునే గదిలో అరకొరగా దొరికేవి. పల్లెల్లో మలేరియా మోసే దోమల్లో ముఖ్యమైంది ఇదే, అయినా ఎక్కువగా తాగేది పశువు రక్తమే. కాబట్టి మీ నాన్నగారి మాట గాలిలోంచి పుట్టింది కాదు, కళ్లతో చూసిందే.

కానీ ఆయన చూడనిది ఒకటుంది. వానాకాలంలో ఈ దోమ లెక్కలేనంతగా పుడుతుంది. అందులో కొద్ది వంతు మనిషిని కుట్టినా ఊరంతా మంచం పట్టడానికి చాలు. పైగా క్యూలిసిఫేసిస్ అనేది ఒక్క దోమ కాదు. భూతద్దంలో కూడా తేడా తెలియని అయిదు జాతులు, ఏ నుంచి ఈ వరకు. అందులో బీ చాలాచోట్ల మలేరియాను పెద్దగా మోయదు. కొండవాగుల్లో పుట్టే ఫ్లూవియాటిలిస్ అనే అనాఫిలిస్ దోమ కూడా అంతే. దాని టీ, యూ రకాలు పశువుల మీద బతుకుతాయి, ఎస్ రకం మనిషిని వెతుక్కుంటుంది. ఒడిశా కొండల్లో మలేరియాకు అదే ముఖ్యమైన వాహకం, మీ మన్యానికి ఆ కొండలు ఎంతో దూరం కాదు. ఎస్ రకం తిరిగే ఊళ్లో పాక ఎక్కడ వేసినా దాన్ని నమ్ముకోలేం.

ఇంకో మాట. పాకిస్తాన్‌లో 1990లలో లెక్కలు తీస్తే, పశువులున్న ఇళ్ల పిల్లల్లోనే మలేరియా ఎక్కువ కనిపించింది. దోమకు రోజూ కడుపు నిండితే ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఆవు కోసం వచ్చినది పక్కనే పడుకున్న ఆసామిని కూడా చూసుకుని పోతుంది. దాని మీద తర్వాత ఒక మంచి పని జరిగింది. అక్కడి అఫ్గాన్ శరణార్థుల శిబిరాల్లో పశువుల ఒంటికి డెల్టామెత్రిన్ అనే దోమల్ని చంపే మందు స్పాంజితో పూశారు. మలేరియాలో రెండు రకాల్లో ఫాల్సిపారమ్ 56 శాతం, వైవాక్స్ 31 శాతం తగ్గాయి, 2001లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఉత్త ఆవు దోమకు భోజనం, మందు పూసిన ఆవు ఉచ్చు.

యాంటెనా
మాస్టారూ, ఒప్పుకున్నాను, నేను ఈడిస్ మీద పడిపోయాను. అయితే మీరు చెప్పిందీ నా మాటకే బలం. కంటికి ఒకేలా కనిపించే దోమల్లో ఒకటి మనిషికి, ఒకటి పశువుకి పోతోందంటే ఆ తేడా జన్యువుల్లోనే ఉండాలి. టాంజానియాలో అనాఫిలిస్ అరాబియెన్సిస్ మీద 2016లో ఇంకా దగ్గరగా చూశారు. ఆ జాతి రెండింటినీ కుడుతుంది. దాని క్రోమోజోములో 3ఆర్ఏ అనే ముక్క కొన్ని దోమల్లో తిరగబడి ఉంటుంది, అది తిరగబడకుండా మామూలుగా ఉన్న దోమల్లో ఆవు రక్తం తాగినవి ఎక్కువ. ఒకే జాతి లోపల కూడా ఇది వారసత్వమే అన్నమాట.

గొడ్డుతోక
జీన్ అంటే తలరాత కాదు కదా. అదే అరాబియెన్సిస్ ఆవులు లేనిచోట ఏం చేస్తుంది? మనిషినే కుడుతుంది. ఇష్టం వేరు, దొరికింది తినడం వేరు. బిరియానీ ఇష్టమున్నవాడు రాత్రి పదకొండింటికి పెరుగన్నం తినడా?

2013లో ఈడిస్‌లో వాసన పట్టడానికి కావాల్సిన ఓర్కో అనే జన్యువు చెడగొట్టి చూశారు. మనిషికీ గినీ పిగ్‌కీ తేడా పట్టలేకపోయింది. కానీ కార్బన్ డయాక్సైడ్ వదిలితే మనిషి దగ్గరికి మళ్లీ వచ్చింది. పైగా అది నేర్చుకుంటుంది కూడా. సియాటిల్‌లో 2018లో ఒక వాసన ఇస్తూ దోమల్ని కుదిపారు. మర్నాడు కూడా ఆ వాసనకి దూరంగా ఉన్నాయి. మనం చేత్తో కొట్టినట్టు అన్నమాట. గేదె తోక ఎందుకు ఊపుతుందో ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తోంది, నా పేరు చూసి నవ్వకండి.

యాంటెనా
ఆ దొరకడం అనేదే తరాల మీద జన్యువుని మారుస్తుంది సార్. ఆఫ్రికాలో 27 చోట్ల నుంచి ఈడిస్‌ను తెచ్చి పోల్చితే (2020), వానలేని కాలం పొడుగ్గా, గట్టిగా ఉన్న చోట్ల దోమలకే మనిషి మీద ఇష్టం ఎక్కువ. కుండల్లో, పీపాల్లో నీళ్లు పట్టి దాచేది మనమే. గుడ్లకు నీళ్లు ఇచ్చేవాడి పక్కనే ఉండాలి కాబట్టి వాడి వాసననే పట్టుకుంది. కిక్కిరిసిన పట్నాల పాత్ర కూడా కొంత ఉందట.

ఓ_పాజిటివ్
ఇవన్నీ సరే, మా ఇంట్లో నలుగురం కూర్చుంటే నన్నే ఎందుకు కుడతాయి? ఓ గ్రూపుకి ఎక్కువ అంటారు.

యాంటెనా
రక్తం గ్రూపు మీద ఒకరిద్దరు చేసినవి ఉన్నాయి గానీ, దాని మీద ఇల్లు కట్టలేం. ఒంటి వాసన మీద అయితే గట్టి ఆధారాలున్నాయి. 2015లో కవలల చేతుల వాసన పోలిస్తే, ఒకే పోలికవాళ్ల మధ్య తేడా తక్కువ, వేరే పోలికవాళ్ల మధ్య ఎక్కువ. 2022లో 64 మంది ముంజేతులకు నైలాన్ మేజోళ్లు తొడిగి చూస్తే, దోమలు ఎక్కువ మూగినవాళ్ల చర్మం మీద కార్బాక్సిలిక్ ఆమ్లాలు ఎక్కువ ఉన్నాయి. ఏళ్ల తర్వాత చూసినా వాళ్లే. సబ్బు మార్చి టెన్షన్ పెట్టుకోకండి.

మన్యం_పాడి
అన్నీ నాన్నకి చదివి వినిపించాను. క్యూలిసిఫేసిస్ దగ్గర "చూశావా" అన్నాడు. పాకిస్తాన్ దగ్గర ఏమీ అనలేదు. చివరికి ఒక్కటే అడిగాడు: "ఆ మందు పాలలోకి దిగదా?"

టార్చిలైటు_మాస్టారు
మంచి ప్రశ్న. పిడుదులకు పశువులకి వాడే మందుల్లో అదీ ఒకటే, కొత్తదేం కాదు. ఎంత కలపాలి, ఎన్నాళ్లు పాలు పక్కన పెట్టాలి అనేది పశువుల డాక్టరుని అడిగి, డబ్బా మీద చూసి చేయండి. పొలాలకు కొట్టే డబ్బా మాత్రం తీయొద్దు.

మన్యం_పాడి
పాక ఇంటికీ చేనుకీ మధ్యలో చింతచెట్టు దగ్గర వేస్తున్నాం. ఎవరూ గెలవలేదు. దోమతెర ఈసారి నాన్న మంచానికి కూడా కట్టింది మా ఆవిడ.

గోదారోడు
చింతచెట్టు కిందా? రేకుల మీద కాయలు రాలుతుంటే రాత్రంతా గేదెలు బెదురుతాయి, ఆ సంగతి ఎవరైనా చూశారా?

టార్చిలైటు_మాస్టారు
గేదెల సంగతి మీరే చూసుకోండి. కుడితి తొట్టి మాత్రం వారానికోసారి బోర్లించండి. గిట్టల గుంటల్లో నీళ్లు నిలవకుండా మట్టి పోయండి, అందులో దోమ పిల్లలు తిరుగుతుంటాయి.