చీమల కోసం ఇంటి చుట్టూ కొట్టించే మందు వాగులోకి వెళ్తుందా?

ప్రశ్న (రోజ్‌విల్, కాలిఫోర్నియా)

అందరికీ నమస్కారం. ఎండలు ముదిరితే మా వంటింటి కిటికీ సందులోంచి చీమలు బారులు తీరి వస్తాయి కాబట్టి, రెండు నెలలకోసారి మనిషిని పిలిపించి పునాది చుట్టూ, గరాజ్ ముందు సిమెంటు మీద మందు కొట్టిస్తున్నాము. మొన్న ఆయన వెళ్లిన గంటకే స్ప్రింక్లర్లు మొదలై, ఆ తడి అంతా చారలు చారలుగా రోడ్డు అంచుకు పారి, మూలనున్న ఇనుప జాలీలోకి దిగిపోవడం కళ్లారా చూశాను. జాలీ పక్కన చేప బొమ్మ అచ్చువేసి ఉంది. మందు పేరు బైఫెంత్రిన్. చామంతి పూల మందే కనుక భయం లేదని ఆయన అన్నారు. మా పిల్లలు వెనుక వాగులో ఆడుకుంటారు. ఆయన మాట నమ్మవచ్చునా?

జవాబు 1

ఆ జాలీలో పడిన నీరు శుద్ధి కేంద్రానికి వెళ్లదండి, నేరుగా వాగులో కలుస్తుంది. చేప బొమ్మ వేసింది అది చెప్పడానికే. చామంతి మాటలో సగమే నిజం. పూలలోని సహజమైన మందు ఎండకు త్వరగా విరిగిపోతుంది. దాన్ని అనుకరిస్తూ, ఎండకు తట్టుకునేలా తయారుచేసిన పైరిథ్రాయిడ్లలో బైఫెంత్రిన్ ఒకటి. అది నీటిలో కరగడం కంటే మట్టి రేణువులను అంటిపెట్టుకొని, వాగు అడుగున నెలల తరబడి నిలిచి ఉంటుంది.

క్లోర్‌పైరిఫాస్, డయాజినాన్ అనే పాత పురుగుమందులను ఇళ్లలో వాడకుండా 2000 తరువాత క్రమంగా ఆపేసినప్పుడు, వాటి చోటులోకి వచ్చినవి ఈ పైరిథ్రాయిడ్లే. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం మీ ఊరి వాగుల అడుగు మట్టినే పరీక్షించింది. హయలెల్లా అనే, కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే రొయ్యలాంటి జీవిని ఆ మట్టిలో వదిలితే చాలాచోట్ల చచ్చిపోయింది. ప్రధాన కారణం బైఫెంత్రిన్ అని తేలింది. లీటరు నీటిలో పది నానోగ్రాముల లోపు ఉన్నా, అంటే గ్రామును నూరు కోట్ల వంతులు చేస్తే అందులో పది వంతులు కూడా లేకపోయినా, ఆ జీవుల్లో సగం చావడానికి చాలు. నీరు చల్లబడితే ఈ మందు విషం ఇంకా పెరుగుతుంది. మీ దగ్గర వానలు పడి వీధులన్నీ కడిగేది చలికాలంలోనే.

మందుకు తట్టుకునే హయలెల్లాలు కూడా కాలిఫోర్నియా వాగుల్లో ఉన్నాయని 2013లో ప్రచురించారు. నాకు అది ఊరటగా అనిపించలేదు, ఎందుకంటే ఒంట్లో మందు పెట్టుకొని బతికిన జీవిని తినేది చేపే.

పిల్లల విషయానికొస్తే, మన శరీరం ఈ మందును త్వరగా విరగ్గొడుతుంది. వాగులో ఉండే మోతాదు ప్రాణం తీసేది నీటిలోని చిన్న జీవులదే. మందు కొట్టిన సిమెంటు ఆరేదాకా మాత్రం పిల్లలను అటు వెళ్లనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. ఫిప్రోనిల్ అనే మరో చీమల మందుకు మారితే మేలా?

జవాబు 2

మేలు కాదండి. ఫిప్రోనిల్ ఎండలో, మట్టిలో మారి ఏర్పడే పదార్థాలు కూడా నీటి పురుగులకు విషమే.

లైసెన్సుతో మందు కొట్టేవారికి కాలిఫోర్నియాలో 2012 నుంచి పైరిథ్రాయిడ్ల మీద నియమాలున్నాయి: గోడ పొడవునా పట్టీలా కొడితే నేల నుంచి రెండడుగుల ఎత్తుకు మించకూడదు, సిమెంటు మీద పగుళ్లలోనో సన్నని ధారగానో అక్కడక్కడ చిన్న చోట్లలోనో తప్ప పరచి కొట్టకూడదు, వాన పడుతుండగా కొట్టకూడదు. మీ ఇంటికి మందు కొట్టడానికి వచ్చే ఆయన గరాజ్ ముందంతా తడిపి ఉంటే అది తప్పే, అడగండి. స్వయంగా డబ్బా కొని కొట్టుకునే ఇంటివారికి ఆ నియమాలు వర్తించకపోవడం పెద్ద లోటు. ఇండియా నుంచి పెట్టెలో తెచ్చుకునే చీమల చాక్‌పీసు కూడా ఈ జాతి మందే. ఇక్కడ దాని అమ్మకం చట్టవిరుద్ధం.

జవాబు 3

మా ఇంట్లో స్ప్రే మానేసి మూడేళ్లయింది. కిటికీ సందును సీలెంటుతో మూసి, బోరాక్స్ కలిపిన తీపి ద్రవాన్ని మూత ఉన్న చిన్న డబ్బాలో పోసి, పిల్లలకు అందకుండా, బయట చీమల బారు పక్కన పెడతాము. మందు నూటికి ఒక పాలు మించకూడదు, ఘాటైతే చీమలు దారిలోనే చస్తాయి, రాణి దాకా చేరదు. రెండు మూడు రోజులు డబ్బా చుట్టూ నల్లగా ముసురుకుంటాయి. అది చూసి కంగారుపడి స్ప్రే కొట్టారంటే, ఎరను పుట్టకు మోసే చీమలే మిగలవు.