అప్‌డేట్: ఒరిగిపోయిన టమాటా మొక్కలకు కట్టిన తీగ

విజయనగరంలోని మా పెరట్లో 6 అడుగులు దాటిన టమాటా మొక్కలు ఊతకర్రలతో సహా ఒరిగిపోతున్నాయని, ఏమి చేయాలని కిందటి నెల అడిగాను. మీరు సూచించినట్లు ఒక్కొక్క మొక్కకు విడిగా కర్ర పాతడం మాని, వరుసకు రెండు చివరల 8 అడుగుల వెదురు గుంజలను అడుగున్నర లోతున దింపి, పైన జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ) లాగి, దాని నుండి ప్రతి మొక్క మొదలు వరకు పురికొస వేలాడదీసి, కాండాన్ని దానికి చుట్టుకుంటూ పైకి పంపుతున్నాను. మొదట నైలాన్ తాడు బిగించడంతో రెండు కాండాలు కోసుకుపోయాయి. ఆ తప్పు నాదే. ఇప్పుడు పాత నూలు చీర పేలికలతో వదులుగా కడుతున్నాను. ఆకు పంగల్లో వచ్చే పిలకలను వారానికొకసారి గిల్లుతున్నాను, కాసే కొమ్మను తుంచుతున్నానని మా అమ్మ సణుగుతున్నా సరే. మొన్నటి గాలివానకు ఒక్క మొక్కా పడలేదు కానీ, కాయల బరువుకు తీగ నడుమ కుంగినందున అక్కడ మరొక గుంజ నిలపవలసి ఉంది.