1967 మస్టాంగ్‌ని ఇంటి గరాజ్‌లోనే బాగుచేయాలి: ముందు ఇంజినా, బాడీనా?

ప్లానో67

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ప్లానోలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ పని. మా వీధి చివరింట్లో ఒక పెద్దాయన దగ్గర 1967 ఫోర్డ్ మస్టాంగ్ ఉండేది. ఆయన పోయాక వాళ్లావిడ నాకు అమ్ముతానన్నారు. పార్టులు ఊడదీసి అమ్ముకునేవాళ్లకి ఇవ్వను, రోడ్డెక్కించేవాళ్లకే ఇస్తాను అన్నారు. నా కోరికా అదే.

రెండు డోర్ల హార్డ్‌టాప్. 289 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజిన్, రెండు బ్యారెళ్ల (రెండు గాలి దారుల) కార్బురేటర్, సి4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ఏళ్ల తరబడి స్టార్ట్ చేయలేదు. పెట్రోల్ ట్యాంక్ మూత తీస్తే వార్నిష్ వాసన కొడుతోంది. పైకి బాడీ బాగానే ఉంది, వెనక చక్రాల పైన మాత్రం పెయింట్ కింద బుడగలు లేచాయి. ముందు సీట్లో కుడివైపు కార్పెట్ ఎత్తి చూస్తే ఫ్లోర్ మీద ఎవరో రేకు ముక్క పెట్టి రివిట్లు కొట్టారు. దాని చుట్టూ వేలితో నొక్కితే పొడి రాలుతోంది.

గరాజ్‌లో రెండు కార్లు పడతాయి. సాకెట్ సెట్, జాక్ ఉన్నాయి. వెల్డింగ్ రాదు, నేర్చుకుంటాను. ముందు ఇంజిన్ లేపాలా, ఫ్లోర్ పని చేయాలా? మొత్తం ఒకేసారి విప్పేయడం మంచిదా? నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్ పెడితే అసలైన మజిల్ కార్ లాగా అవుతుందా?

ఆటోనగర్ టు డియర్‌బోర్న్

తమ్ముడూ, నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, మా మేనమామ టింకరింగ్ షెడ్డులో. ఇప్పుడు మిషిగన్‌లో ఉంటున్నాను, సాయంత్రాలు ఈ పాత ఫోర్డ్‌లతోనే గడుస్తాయి. నువ్వు చెప్పినవాటిలో నన్ను భయపెట్టింది ఇంజిన్ కాదు, ఆ కుడివైపు ఫ్లోర్.

డబ్బు చేతిలో పెట్టకముందే ఒక పని చెయ్యి. విండ్‌షీల్డ్ ముందు, హుడ్ (బానెట్) వెనక అంచున గాలి పోవడానికి వరసగా గాట్లు ఉంటాయి. వాటి కింద ఉన్న రేకు పెట్టెని కౌల్ అంటారు. వాన నీళ్లు అందులో పడి రెండు పక్కల నుంచి బయటికి పోవాలి. ఆకులు, మట్టి చేరితే నీళ్లు అక్కడే నిలిచి, గాలి లోపలికొచ్చే రంధ్రాల చుట్టూ రేకు తినేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. గార్డెన్ పైపు తెచ్చి ఆ గాట్లలోకి నెమ్మదిగా నీళ్లు వదులు. ఇంకొకరిని టార్చ్‌తో డాష్‌బోర్డ్ కింద పడుకుని చూడమను. చుక్కలు పడ్డాయంటే ఫ్లోర్ కుళ్లడానికి కారణం దొరికినట్టే. కౌల్ సంగతి చూడకుండా కొత్త ఫ్లోర్ వేస్తే అది కూడా పోతుంది.

కౌల్ పని ఇంట్లో చేయలేనిది కాదు గానీ ఓపిక కావాలి. ఫెండర్లు (ముందు చక్రాల పైన ఉండే రేకులు) విప్పాలి, పై రేకుని పట్టుకున్న స్పాట్ వెల్డ్‌లు వెతికి ఒక్కొక్కటే డ్రిల్ చేయాలి. ఈ ఖర్చు లెక్కలో వేసుకునే ఆవిడతో రేటు మాట్లాడు.

రెండోది నంబర్. హుడ్ ఎత్తితే డ్రైవర్ వైపు ఇన్నర్ ఫెండర్ పైఅంచు మీద విన్, అంటే బండి గుర్తింపు నంబర్, కొట్టి ఉంటుంది. టైటిల్ (బండి ఎవరిదో చెప్పే కాగితం) మీద ఉన్నది దానితో కలవాలి. డోర్ మీద ప్లేట్ ఒక్కటే చూసి నమ్మొద్దు, డోర్లు మారతాయి. మొదటి అంకె 7 అంటే 1967. తర్వాతి అక్షరం ఫ్యాక్టరీ: ఆర్ అయితే శాన్ హోజే, ఎఫ్ అయితే డియర్‌బోర్న్, టి అయితే మెటచన్. 01 అంటే హార్డ్‌టాప్. ఆ తర్వాత సి ఉంటే నువ్వు చెప్పిన రెండు బ్యారెళ్ల 289 అన్నమాట. 1967 నుంచి ఫోర్డ్ రికార్డులు ఉన్నాయి కాబట్టి ఆ రికార్డుల నుంచి తీసి ఇచ్చే మార్టి రిపోర్ట్ తెప్పించుకుంటే ఆ బండి ఏ రంగులో, ఏయే ఆప్షన్లతో తయారైందో తెలుస్తుంది.

కార్బురేటర్ జోలికి ఇప్పుడు పోకు. సి కోడ్ ఇంజిన్ 200 హార్స్‌పవర్, ఎ కోడ్ నాలుగు బ్యారెళ్లది 225. ఆ తేడా కార్బురేటర్ ఒక్కదానితో రాలేదు, కంప్రెషన్ కూడా ఎక్కువ. 1967లో ఇంజిన్ బే వెడల్పు చేసి 390 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజిన్ కూడా ఇచ్చారు, కానీ దానివల్ల ముందు బరువు పెరిగింది. చక్కగా ట్యూన్ చేసిన 289 మస్టాంగ్ మలుపుల్లో ఎంత తేలిగ్గా తిరుగుతుందో ఒకసారి నడిపితే నీకే తెలుస్తుంది. ఆ పెద్దాయన దాచుకున్నది ఆ బండి. అలాగే ఉండనివ్వు.

కొలంబస్ పెయింట్ ల్యాబ్

ప్లానో గారూ, నేను పూతల ల్యాబ్‌లో పనిచేస్తాను. ఇంట్లో పిల్లలుంటే ఇది తప్పకుండా చదవండి. ఆ కాలం పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా గ్రైండ్ చేయకండి. సన్నని దుమ్మును ఆపే పి100 ఫిల్టర్ మాస్క్ పెట్టుకోండి, ఆ బట్టలతో ఇంట్లోకి రాకండి. పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి డ్రమ్ తీశాక గాలి కొట్టి దులపకూడదు, తడిపి తుడవాలి.

అందరికీ తెలియనిది ఒకటి: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద నాన్ క్లోరినేటెడ్ అని చూసి కొనండి, అయినా పూర్తిగా ఆరాకే ఆర్క్ కొట్టండి. ఇక హార్డెనర్ కలిపే రెండు భాగాల పెయింట్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, వాసనతో పసిగట్టలేం. బయటి నుంచి గాలి అందించే మాస్క్ లేకుండా స్ప్రే చేయకండి. చివరి పెయింట్ మాత్రం బూత్ ఉన్న షాపులో వేయించండి.

ఫ్రిస్కో

టైటిల్ చనిపోయిన ఆయన పేరు మీదే ఉందా చూడండి. టెక్సాస్‌లో వారసులు అఫిడవిట్ ఆఫ్ హెయిర్‌షిప్ (వారసత్వ ప్రమాణపత్రం) ఇచ్చి మార్చుకునే వీలుంది, కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో అడగండి. మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్ కూడా చదవండి, కదలని బండి డ్రైవ్‌వేలో ఉంటే చాలాచోట్ల నోటీసు వస్తుంది.

ప్లానో67

అందరికీ థాంక్స్. నీళ్లు పోసి చూశాం. మా ఆవిడ టార్చ్ పట్టుకుంది. కుడివైపు ధారలా కారింది, ఎడమవైపు పొడిగానే ఉంది. విన్ 7ఆర్01సి, టైటిల్‌తో కలిసింది. పెద్దాయన భార్య రేటు తగ్గించారు, బండి తీసుకుంటున్నాను. టైటిల్ పని వాళ్లమ్మాయి చూస్తున్నారు. అన్నా, ఇప్పుడు వరస చెప్పండి.

ఆటోనగర్ టు డియర్‌బోర్న్

శాన్ హోజే బండి, ఒక్క వైపే కారుతోంది. చాలా సంతోషం తమ్ముడూ.

మొత్తం ఒకేసారి విప్పొద్దు. చక్రాల మీద తోస్తే కదిలే స్థితి పోగొట్టుకోకు. గరాజ్‌లలో పెట్టెలపాలై మిగిలిపోయిన మస్టాంగ్‌లు ఇక్కడ ఎన్నో చూశాను, వాటిలో చాలావాటికి ఇంజిన్ నిక్షేపంగా ఉంటుంది.

ముందు ఇంజిన్ తిరుగుతుందో లేదో చూడు, అంతే. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో కాస్త నూనె వేసి నాననివ్వు. తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకి పొడవాటి రెంచ్ వేసి చేత్తో తిప్పు. స్టార్టర్ కొట్టకు. స్టార్ట్ చేసే రోజు వచ్చినప్పుడు ఆ పాత ట్యాంక్ నుంచి చుక్క కూడా వాడకు, విడిగా చిన్న క్యాన్ పెట్టు. పెట్రోల్ వెళ్లే రబ్బరు పైపులన్నీ, ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ తట్టుకునేవి వేయి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు వెలిగే వరస, 1-5-4-2-6-3-7-8. ప్యాసింజర్ వైపు ముందు నుంచి వెనక్కి 1 నుంచి 4, డ్రైవర్ వైపు 5 నుంచి 8. జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసుకో, వాల్వులు తెరిచే క్యామ్ అరిగిపోకుండా అది కావాలి. ఈ బండిలో ట్యాంక్ పైభాగమే డిక్కీ అడుగు, కాబట్టి ట్యాంక్ మార్చేటప్పుడు చుట్టూ సీల్ పట్టించడం మరవకు.

తర్వాత కౌల్, దాని తర్వాతే ఫ్లోర్. ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. అందుకని రేకు కోసేముందు డోర్ల సందులు కొలిచి రాసుకో. డోర్ హింజ్ స్తంభం నుంచి లాక్ స్తంభానికి చదరపు ఇనుప గొట్టం అడ్డంగా బిగించు. లేకపోతే ఫ్లోర్ అతికాక డోర్ పడదు.

వెల్డింగ్‌కి గ్యాస్ కవచంతో పనిచేసే మిగ్ (వైరు దానంతటదే వచ్చే) మెషిన్ తీసుకో, 0.023 అంగుళాల వైరు, గ్యాస్ 75 పాళ్లు ఆర్గాన్ 25 పాళ్లు కార్బన్ డయాక్సైడ్. గ్యాస్ లేకుండా వాడే ఫ్లక్స్ వైరు ఈ పలచటి రేకుకి వేడెక్కువ, చిల్లులు పడతాయి. గీత లాగినట్టు ఎప్పుడూ లాగకు. ఇక్కడ ఒక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, చెయ్యి పెట్టి చల్లబడిందో లేదో చూసుకుంటూ మధ్యలో నింపుకుంటూ రా. ముందు అదే మందం రేకు ముక్కలు కొని వాటి మీద నేర్చుకో. ఆ ముక్కల్ని వైస్‌లో పెట్టి వంచు. అతుకు దగ్గర కాకుండా పక్కన రేకు చిరిగితే నీ చెయ్యి కుదిరినట్టు.

బ్రేకులు మొత్తం కొత్తవి వేసేదాకా వీధిలోకి తీయకు. ముందు కాయిల్ స్ప్రింగ్ మాత్రం మామూలు కంప్రెసర్‌తో ముట్టుకోవద్దు, షాక్ టవర్‌లో (ముందు స్ప్రింగ్ కూర్చునే రేకు గూడు) పై నుంచి దించేది ఈ బండ్ల కోసమే దొరుకుతుంది. కౌల్ తెరిచాక ఫోటోలు పెట్టు. కొత్త రేకు ఎంతమేర కావాలో చూసి చెప్తాను.