పాత గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్‌లో పోయిన ముక్కల చోట కొత్తవి పెట్టొచ్చా? పెడితే అది పాతదే అవుతుందా?

గాంధీరోడ్డు_అటక

తిరుపతి గాంధీరోడ్డులో మా పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడతా ఉండాం. పోయిన వారం అటక దించినాం. ఇత్తడి గంగాళాలు, మా నాయన జాతకాల కట్టలు, వాటెనక ఐదు కిలోల డాల్డా డబ్బా. ఊపితే గలగలమంది. చిల్లర అనుకుంది మా ఇంటామె. మూత తీస్తే నా గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్!

తెలియనోళ్లకు చెప్తా. ప్లాస్టిక్ ముక్కలు అతికించి కట్టే బొమ్మలు చేసే లెగో వాళ్లు 1979లో తెచ్చిన అంతరిక్ష నౌక బొమ్మ ఇది. యూరప్‌లో నంబరు 928, అమెరికాలో 497. మొత్తం 338 ముక్కలు. నీలం, బూడిద రంగు ఒళ్లు, పసుపు అద్దాలు. వెనక రెండు తలుపులు తెరిస్తే లోపల్నించి బుల్లి బండి బయటికొస్తుంది. ఎర్రోళ్లు ఇద్దరు, తెల్లోళ్లు ఇద్దరు వ్యోమగాములు (చొక్కాలే లెండి, మొహాలు అందరివీ పసుపే). కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మా చిన్నాయన 1982లో లీవుకొచ్చినప్పుడు తెచ్చిచ్చినాడు. కంపెనీ దాన్ని ఆపేసి ఏళ్లూ పూళ్లూ అయింది.

రాత్రి కూర్చుని లెక్కపెట్టినా. 311 ఉండాయి. 27 లేవు. వెనక తలుపుల్లో ఒకటి లేదు, బూడిద రంగు ప్లేట్లు (పల్చటి ముక్కలు) చాలావరకు లేవు, తెల్లాయన ఒకడు పత్తా లేడు. ఎర్రాయన హెల్మెట్టు పట్టీ మా తమ్ముడు పళ్లతో కొరికేసినాడు, అది నాకు బాగా గుర్తు. ఆ రోజు వాడికి పడిన దెబ్బలూ గుర్తే.

అసలు సంగతి ఇది. మా అమ్మకు డెబ్బై ఎనిమిది. ఈసారి దసరా కొలువులో దీన్ని కూడా పెడదామంది, చిన్నాయన గుర్తుగా. కానీ భిన్నమైన, అంటే ముక్కలు పోయిన బొమ్మ కొలువులో పెట్టకూడదు, నువ్వు దాన్ని నిండుగా చేసి తీసుకురా అంటుంది. కొత్త ముక్కలు కొని నింపితే అది చిన్నాయన తెచ్చిన బొమ్మే అవుతుందా? లేక ఖాళీలతోనే ఉంచాలా? మీరేమంటారు?


ఎల్‌ఎల్928_అభిమాని

అన్నా, ముందు ఒక్క ముక్క కూడా కొనొద్దు. అందరూ ఇక్కడే పప్పులో కాలేస్తారు. లెగో బూడిద రంగు 2004లో మారిపోయింది. అంతకుముందుది కట్టెల పొయ్యి బూడిద, కొంచెం పచ్చదనం కలిసి ఉంటుంది. ఇప్పుడొచ్చేది ఆర్టీసీ బస్టాండు సిమెంటు, నీలం కొడుతుంది. విడివిడిగా చూస్తే తెలీదు. పక్కపక్కన పెడితే పంచెకు ప్యాంటు గుడ్డతో అతుకేసినట్టు ఉంటుంది. ఆ మార్పు మీద అప్పట్లో సేకరించేవాళ్లు ఎంత గగ్గోలు పెట్టినా కంపెనీ పాత రంగుకు తిరిగి రాలేదు.

హెల్మెట్టు జోలికి అసలు పోవద్దు. ఆ కాలం హెల్మెట్లకు గడ్డం కింద పట్టీ సన్నం, ఊరూరా అక్కడే విరిగింది. ఎంత ఊరూరా అంటే, 2014లో లెగో సినిమా కోసం చేసిన బెన్నీ అనే నీలం వ్యోమగామికి పట్టీ విరిగినట్టుగానే అచ్చు పోశారు, గుండె మీది బంగారు గుర్తు సగం చెరిగినట్టుగానే ముద్ర వేశారు. మీ తమ్ముడి పళ్లగాట్లు డబ్బు పెట్టినా దొరకవు.

నా ఓటు: ఖాళీలు ఖాళీలుగానే ఉండాలి.


మదనపల్లి_టమోటా

ఏందప్పా ఈ పంచాయితీ! 1958లో పేటెంటు చేసిన ఇటుక అది. ఆనాటి ఇటుక ఈ పొద్దు కొన్న దానికి టక్కుమని అతుక్కుంటుంది. ఒక ముక్క పోతే ఇంకోటి పెట్టుకునేదానికే ఆ బొమ్మ పుట్టింది. మా పిల్లోడు ఎర్రది దొరక్కపోతే పచ్చది పెడతాడు, వాడి రాకెట్టు ఎగరకుండా నిలిచిపోయిందా? నింపేయ్ సామీ. అమ్మ అడిగింది, నువ్వు చేసినావు. అంతే.


స్వర్ణముఖి_ఒడ్డు

మాది కాళహస్తి, కాబట్టి ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. తర్వాత కొత్తది లేపారు, 2017లో కుంభాభిషేకం అయింది. మా నాయన దాని ముందు చేతులెత్తి మొక్కుతాడు, ఇంటికొచ్చి "ఇది అది కాదురా" అంటాడు. మా పిల్లలకు మాత్రం గోపురమంటే అదే, ఇంకొకటి ఉండేదని చెబితే ఫొటో చూపించమంటారు.

అందుకని అడుగుతున్నా. 27 ముక్కలు మారిస్తే మీ బొమ్మే అంటారు. సరే. నూటయాభై మారిస్తే? మూడొందలు? గీత ఎక్కడ గీస్తారో ముందు చెప్పండి, తర్వాత వాదిద్దాం.


అలిపిరి_మెట్లు

గీత ఉంది సార్. తిరుమలలో పన్నెండేళ్లకోసారి అష్టబంధనం చేస్తారు, 2018 ఆగస్టులో జరిగింది. పీఠం దగ్గర పాత బంధనం తీసి కొత్తది వేస్తారు. స్వామిని కదిలించరు, మార్చరు. అట్లాగే ఈ నౌకకూ మూలవిరాట్టు ఉంది: ఎల్‌ఎల్928 అని అచ్చేసిన ఇటుకలు, పసుపు అద్దాలు, ఆ నలుగురు మనుషులు. అవి ఉన్నంతవరకు కింద బూడిద రంగు ప్లేట్లు ఎన్ని మార్చినా అది బంధనం మార్చడమే.


ఎల్‌ఎల్928_అభిమాని

పోలిక బాగుంది గానీ అతకదు. ఆ నలుగురిలో ఒకడు ఇప్పటికే లేడని అన్న రాసినాడు కదా. మూలవిరాట్టులోనే పావు వంతు పోయింది మరి.


అలిపిరి_మెట్లు

అది వేరే లెండి. వాడు డ్యూటీలో లేడు.


కరకంబాడి_రోడ్డు

నా దగ్గర కొత్తది ఉంది, కాబట్టి నా మాట కూడా వినండి. కంపెనీకి తొంభై ఏళ్లు నిండిన 2022లో అదే నౌకను మళ్లీ తెచ్చారు. నంబరు 10497, పాత అమెరికా నంబరుకు ముందు 10 తగిలించారు. 1254 ముక్కలు. అంటే పాతదానికి మూడున్నర రెట్లు పైనే, పొడవు అర మీటరు దాటింది. ఇద్దరు ఎర్రోళ్లు, ఇద్దరు తెల్లోళ్లు, అదనంగా ఒక రోబో. వెనక తలుపులు, లోపల బండి అన్నీ ఉన్నాయి. అవే ముక్కలతో పాత చిన్న నౌకలు 918, 924 కూడా కట్టుకోవచ్చు.

దాన్ని రెండు రాత్రులు కూర్చుని కట్టాను. అయ్యాక చేతిలో పట్టుకుని గదిలో తిప్పుతుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది. అప్పుడొకటి తెలిసింది. చిన్నప్పుడు మనకు పాతది ఎంత పెద్దగా అనిపించేదో, పెద్ద చేతులకు కూడా అంత పెద్దగా అనిపించేలా దీన్ని చేశారు. జ్ఞాపకంలో ఉన్న కొలతకు కట్టారన్నమాట.

అన్నకు నా సలహా: పాతదాన్ని డబ్బాలోనే పెట్టి, ఇది ఎక్కడైనా దొరికితే తెచ్చి కొలువులో పెట్టండి. అమ్మ అడిగిన నిండుతనం ఉంటుంది.


గాంధీరోడ్డు_అటక

మా చిన్నాయన తెచ్చింది కాదు కదా తమ్ముడూ. అంగట్లో కొన్నది పెట్టేదానికి కొలువులో మొదటి మెట్టు మీద మరపాచి చెక్క బొమ్మలే ఉండాయి.


పాకాల_ప్యాసింజరు

అందరూ ఎనభైలలో మా ఇంట్లో లెగో ఉండేది అన్నట్టు మాట్లాడతా ఉండారు. మాకు కువైట్ చిన్నాయనలు లేరు. మా నాయన మద్రాసుకు పనిమీద పోయినప్పుడు బర్మా బజారులో ఒక అంగడి ముందు అరగంట నిలబెట్టి చూపించినాడు, కొనలేదు. వచ్చేటప్పుడు రైల్లో నాకు వేరుశనక్కాయలు కొనిచ్చినాడు. తర్వాత రెండేళ్లకు మెకానిక్స్ సెట్టు వచ్చింది, ఇనప పట్టీలు, నట్టులు, బోల్టులు. దాంతోనే రాకెట్టు చేసినా, క్రేన్ చేసినా. బోల్టు పోతే సైకిలు షాపులో అడిగి తెచ్చుకున్నా. అది పాతదా కొత్తదా అని ఎవుడూ అడగలేదు.

పోయిన ముక్క గురించి ఇంత బాధపడాలంటే ముందు బొమ్మ ఉండాల కదప్పా. కోపం కాదు. ఊరికే చెప్తా ఉండా.


గాంధీరోడ్డు_అటక

అన్నా, మీరు చెప్పింది నిజమే. మా వీధిలో ఆ బొమ్మ నాకొక్కడికే ఉండేది. సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే ఏడుగురు పిల్లోళ్లు చుట్టూ చేరేవాళ్లు. ముట్టుకోవాలంటే గోళీ ఇవ్వాల. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ 27లో సగం వాళ్ల జేబుల్లోనే పోయుంటాయి, పోనీ!

ఒకటి మాత్రం చెప్పాల. 1983 ఏప్రిల్ 17, ఆదివారం. శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 ఎగిరిందని, రోహిణి కక్ష్యలోకి పోయిందని రేడియోలో చెప్పినారు. మేడ మీద ఈ నౌక పట్టుకుని తూర్పుకు పరిగెత్తినా. పిట్టగోడ కాడ ఆగినా కానీ చేతిలోది ఆగలేదు. కింద గోవిందరాజస్వామి గుడికి పొయ్యే దోవలో పూలంగడి రేకు మీద పడింది. పూలాయన తిట్టకుండా ఒక్కొక్కటీ ఏరి మల్లెపూల పొట్లంలో కట్టిచ్చినాడు. అప్పుడే కొన్ని పోయినాయేమో.


స్వర్ణముఖి_ఒడ్డు

1979 అంటే గుర్తొచ్చింది. ఈ బొమ్మ వచ్చిన ఏడాదే ఆగస్టు 10న మొదటి ఎస్‌ఎల్‌వీ-3 లేచి సముద్రంలో పడింది. మీది పూలంగడి మీద పడింది. నయమే.


చంద్రగిరి_కోట

రెండు వైపులా ఒక సంగతి వదిలేస్తున్నారు. మ్యూజియంలో పగిలిన కుండ చూడండి. పెంకులు అతికించి, దొరకని చోట సాదా మట్టి రంగు పూతతో నింపుతారు. దూరం నుంచి కుండ నిండుగా కనపడుతుంది, దగ్గరికెళితే ఏది పాతదో ఏది కొత్తదో చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. దాచరు, మోసం చెయ్యరు. మీరు కూడా 27 చోట్ల సరిపోయే రంగు కోసం వెతకొద్దు. కావాలనే వేరే రంగు పెట్టండి, నల్లది. లోపల ఒక చీటీ పెట్టండి: ఇవి ఫలానా ఏడాది పెట్టినవి అని. మీ మనవడు ఇంకో అటక దించినప్పుడు వాడికి తెలియాలి కదా.


మదనపల్లి_టమోటా

నల్ల తలుపు పెట్టినారంటే అది చెడ్డోళ్ల నౌక అవుతుంది. 1987లో లెగోలో వచ్చిన బ్లాక్‌ట్రాన్ అనే ముఠా వాళ్లది నలుపు, పసుపు. అంతకుముందు వరకు ఈ అంతరిక్షంలో కొట్లాటే లేదు, అందరూ నవ్వు మొహాలే. మన పాతకాలం నౌకకు ఆ రంగేల?

(నాకు ఇదంతా ఎందుకు తెలుసని అడగొద్దు. నింపేయ్ అన్నా కానీ ప్రేమ లేదని కాదు.)


ఎల్‌ఎల్928_అభిమాని

ఒక హెచ్చరిక కూడా రాస్తున్నా. "పాత బూడిద రంగు, అసలు సరుకు" అని ఆన్‌లైన్‌లో ఒకాయన అమ్మితే గుడ్డిగా కొన్నాను. వచ్చాక చూస్తే బుడిపెల మీద పేరే లేదు. అసలు ముక్కైతే ప్రతి బుడిపె మీదా లెగో అని చిన్న అచ్చు ఉంటుంది. గోరుతో తడిమినా తెలుస్తుంది. ఫొటోలో బుడిపెల్ని దగ్గరగా చూపించమని అడగండి.

తెల్ల ముక్కలు పచ్చబడితే మందులషాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి, అందులో ముంచి ఎండలో పెట్టి తెల్లగా చేసేవాళ్లున్నారు. పనిచేస్తుంది. నాకైతే ఇష్టం లేదు, తల నెరిసినాయనకు రంగేసినట్టు ఉంటుంది.


చిత్తూరు_సంతపేట

అన్నా నమస్తే. ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయలేదు. మా అక్క పెళ్లయి అమెరికా పోయినప్పుడు పాత సామాన్లలో కొని పంపిన ఒక సంచి ఉంది నా దగ్గర. అందులో పాత రంగు బూడిద ప్లేట్లు పందొమ్మిది ఉన్నాయి, రంగు పక్కపక్కన పెట్టి చూసుకున్నా. ఏ నౌకవో తెలీదు. డబ్బులేం వద్దు. శనివారం తిరుపతికి వస్తున్నా, ఇస్తా. తలుపు మాత్రం లేదు.


ఎల్‌ఎల్928_అభిమాని

అంటే ఇంకో గుడి రాళ్లు తెచ్చి ఈ గుడికి పెడుతున్నారు. ఆ నౌక మాటేమిటి?


చిత్తూరు_సంతపేట

అది సంచిలోనే ఉందండి, ఇరవై ఏళ్లుగా.


గాంధీరోడ్డు_అటక

చెప్పాల్సింది చెప్పేస్తా. శనివారం లీలామహల్ సర్కిల్ కాడ తమ్ముణ్ని కలిసినా. టీ తాగినాం. పందొమ్మిది ప్లేట్లు ఇచ్చినాడు, పదిహేడు సరిగ్గా కూర్చున్నాయి. రంగు కలిసిపోయింది, నాకే ఇప్పుడు ఏది ఎవరిదో తెలీదు. చంద్రగిరి అన్న చెప్పినట్టు చీటీ రాసి లోపల పెట్టినా, తమ్ముడి ఊరు కూడా రాసినా. హెల్మెట్టు అట్లే ఉంది. ఇంకా పది ముక్కలు లేవు, తలుపుతో కలిపి. కొనలేదు, కొనను కూడా. అభిమాని తమ్ముడికి సగం, టమోటా అన్నకు సగం అనుకోండి.

ఒక తలుపు లేదు కాబట్టి పెట్టనంటుందేమోనని అమ్మకు భయపడతానే చూపించినా. అద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బండి బయటికి రావాల కదా, తలుపు తీసిపెట్టినారులే అనింది. అంతే, మూడో మెట్టు మీద పెట్టేసింది, పెళ్లికూతురు బొమ్మకు, చెట్టియారు బొమ్మకు నడుమ.

ఇప్పుడు కొత్త సమస్య. అన్నిటికీ పెట్టినట్టే దీనికీ పసుపు, కుంకుమ పెట్టింది, తడిపి. తెల్లాయన తల మీద కూడా. తుడిస్తే పోలేదు. ఏం చెయ్యాల?


కరకంబాడి_రోడ్డు

శానిటైజరుతో తుడిస్తే పసుపు పోతుంది. కానీ గుండె మీది బంగారు గుర్తు జోలికి మాత్రం పోనీయకండి, అది కూడా పోవచ్చు.


అలిపిరి_మెట్లు

ఎండలో పెట్టండి సార్, పసుపు మరక ఎండకు తేలిగ్గా పోతుంది. మా ఇంట్లో బట్టలకు అదే చేస్తారు.


ఎల్‌ఎల్928_అభిమాని

ఎండలో పెడితే తెల్లాయనే పచ్చబడతాడు! వద్దు. కొలువు ఎత్తేదాకా అట్లనే ఉంచండి అన్నా, తర్వాత చూద్దాం. ఒక ఫొటో పెట్టండి ముందు, బొట్టుతోనే.