పెరూలోని ఇంకాల కాలిబాట (ఇంకా ట్రెయిల్): కుస్కోలో దిగిన మర్నాడే నడక మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: మే నెలలో మచు పిచ్చుకి నాలుగు రోజుల నడకకు పర్మిట్లు వచ్చాయి. ఇద్దరికీ యాభై దాటాయి. అలిపిరి మెట్లు తేలిగ్గానే ఎక్కుతాం. కుస్కోలో దిగిన మర్నాడే బయల్దేరితే ఇబ్బందా?

జవాబు: ఇబ్బందేనండీ. అలిపిరి మెట్లు కాళ్లకు పరీక్ష, ఇది ఊపిరికి. తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా లేదు, కుస్కో ఊరే సుమారు 3,400 మీటర్లు. రెండో రోజు దాటే వార్మివాన్యుస్క కనుమ 4,215. అక్కడ అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో అరవై శాతమే. పైగా ఎత్తు దెబ్బ దిగగానే తెలీదు. తలనొప్పి, వికారం మొదలయ్యేది ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత. కాబట్టి విమానం దిగిన రోజే లోయలోని ఒల్లాంటాయ్‌టాంబోకి (సుమారు 2,800) దిగిపోయి రెండు మూడు రాత్రులు అక్కడే పడుకోండి. నడక మొదలయ్యే చోటు, రైలుమార్గం మీది 82వ కిలోమీటరు, కూడా అటే.

ఎత్తు దెబ్బ తగలకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర డాక్టర్ని అడిగే వాడండి. మామూలుగా 125 మిల్లీగ్రాములు పొద్దున, సాయంత్రం, ఎత్తుకు వెళ్లడానికి ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం రావడం మందు లక్షణాలే, కంగారొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడకలో తూలు వచ్చినా మాత్రం మందుల్తో కాలక్షేపం చెయ్యకుండా వెంటనే కిందికి దిగాలి.

మరొకరు: అందరూ కనుమ ఎక్కడం గురించే భయపడతారు గానీ మోకాళ్లు పోయేది దిగుడులో. మూడో రోజు ఫుయుపటమార్క నుంచి విన్యాయ్ వాయ్న దాకా దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు, చాలామటుకు ఎగుడుదిగుడు రాతిమెట్లు. చేతికర్రలు రెండు తీసుకోండి, దిగేటప్పుడు కాస్త పొడవు పెంచండి. కొనకు రబ్బరు తొడుగు తప్పనిసరి, ఉత్త ఇనప మొనను బాట మీదికి రానివ్వరు. ఆ తొడుగులు రాళ్ల సందుల్లో ఊడిపోతుంటాయి, అదనంగా ఒక జత ఉంచుకోండి. కాలిగోళ్లు బయల్దేరే ముందే కత్తిరించుకోండి, లేకపోతే బూటు ముందుభాగానికి కొట్టుకుని నల్లబడతాయి.

ప్రశ్న: పాస్‌పోర్టు ఈలోగా రెన్యువల్‌కి వెళ్తోంది. పర్మిట్‌లో పాత నంబరుంది.

జవాబు: కొత్తది రాగానే పర్మిట్ తీసిన ఏజెన్సీకి నంబరు పంపండి, పాతది కూడా వెంట తీసుకెళ్లండి. గేటు దగ్గర రెండూ సరిచూస్తారు. పర్మిట్ వేరేవాళ్ల పేరుకి మార్చరు. రోజుకి 500 మందికే అనుమతి, అందులోనే కూలీలు, గైడ్లు కూడా. గుడ్డు తినకపోతే అదీ ఇప్పుడే చెప్పండి, నాలుగు రోజుల వంటసామాను మొదట్లోనే మోసుకెళ్తారు.

ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోవద్దు. పెరూ నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు.