బొలేరోనా, దోస్తా? నిమ్మకాయల లోడుకు ఏది కొనాలి?

నమస్తే అండి. మాది రాపూరు దగ్గర పల్లె. తోటల నుంచి నిమ్మకాయల బస్తాలు పొదలకూరు యార్డుకు తోలుతుంటాను. పాత బండి క్లచ్ మూడోసారి పోయింది (కంపెనీ పేరు చెప్పను, దాని అభిమానులు మీద పడతారు). ఇక కొత్త పికప్ తీసుకోవాలి.

గొడవంతా ఇంట్లోనే. మా బావ మహీంద్రా మనిషి. "1.7 టన్నులు మోసే బొలేరో, 2523 సీసీ ఇంజను, ముందూ వెనకా కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులు). తోట దారిలో దానికి తిరుగులేదు" అంటాడు. మా చిన్నాన్న 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చినప్పటి నుంచి దాని భక్తుడు. "మూడు సిలిండర్లు చాలు, పెద్ద ఇంజనుకు డీజిల్ ఎవడు పోస్తాడు?" అని ఆయన వాదన. టాటా ఇంట్రా అని నేను నోరెత్తానా, ఇద్దరూ ఒక్కటై నా మీదకొస్తారు!

నా లోడు టన్ను, టన్నుంబావు. ఎండాకాలంలో రోజుకు రెండు ట్రిప్పులు. రెండు మూడేళ్లు తోలినవాళ్లు చెప్పండి: లోడుతో మైలేజీ ఎంత వస్తోంది? క్లచ్ ఎన్ని కిలోమీటర్లకు మార్చారు? నెల్లూరులో దేని స్పేర్లు వెంటనే దొరుకుతున్నాయి? అమ్మేటప్పుడు దేనికి రేటు నిలుస్తోంది?

"మా బండే గొప్ప" అనేవాళ్లు ఇంట్లో ఇద్దరున్నారు, ఇక్కడ లెక్కలు చెప్పండి చాలు.