నాలుగు రోజులు ఆపితే బ్యాటరీ ఖాళీ: ఆల్టర్నేటర్ డయోడేనా?

పదిహేనేళ్ల పెట్రోల్ కారు, కొత్త 45 ఆంపియర్-అవర్ బ్యాటరీ. ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే జనరేటర్) నుంచి 14.2 వోల్టులు వస్తున్నాయి, అంటే ఛార్జింగ్ బాగానే ఉంది. నాలుగు రోజులు కదపకపోతే మాత్రం స్టార్టర్ టక్‌మని ఊరుకుంటుంది.

నెగటివ్ కేబుల్ విప్పి, మధ్యలో మల్టీమీటర్ పెట్టి, తలుపులు లాక్ చేసి అరగంట ఆగి చూస్తే, అన్నీ ఆపేసి ఉన్నా బ్యాటరీ నుంచి 0.38 ఆంపియర్లు పోతోంది. 0.05 దాటకూడదు కదా! నాలుగు రోజులకి 36 ఆంపియర్-అవర్లు పోతే ఇక మిగిలేదేముంది? ఫ్యూజులు ఒక్కొక్కటే పీకినా అంకె కదల్లేదు. ఆల్టర్నేటర్ వెనక లావు వైరు తీశాక 0.03కి పడింది. (నెగటివ్ విప్పాకే దాని మీద స్పానర్ పెట్టాలి, లేదంటే నిప్పురవ్వలే.)

ఆల్టర్నేటర్‌లో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ లీకైనా ఛార్జింగ్ ఇంత బాగా చూపిస్తుందా? ఆ డయోడ్‌లుండే రెక్టిఫైయర్ ప్లేటు ఒక్కటే మారిస్తే చాలా, లేక విప్పిన చేత్తో బ్రష్‌లు, బేరింగులు కూడా మార్చేయాలా?